గూడబాతు మోసుకొచ్చిన కబురు

క్రిందటి వేసవిలో ఒకనాటి సాయంకాలం మా వీధి చివరింటి వదిన వచ్చి మా గుమ్మంలోనే కూలబడిపోయింది. మంచినీళ్లు ఇస్తే తాగలేదు.

"మా బుల్లోడికి ఏదో గాలి సోకిందొదినా. కాలవ రేవులో కూర్చుని ఒక్కడే మాట్టాడుకుంటన్నాడు. ఎవరితోరా అంటే సంచయ్యతో అంటాడు. మనూళ్లో సంచయ్య ఎవడున్నాడు చెప్పు?"

ఆ బుల్లోడికి అప్పటికి అయిదు దాటి ఆరు నడుస్తోంది. తల్లి కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి వెళ్లి ఏడాదిన్నర అయింది. తండ్రి చేపల లారీ మీద హౌరాకి వెళ్తూ వస్తూ ఉంటాడు. పిల్లవాడు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్నాడు. మన ఉండి, ఆకివీడు ప్రాంతాలలో ఇలాంటి ఇల్లు లేని వీధి ఉన్నదా? తల్లులు గల్ఫుకు వెళ్లిన పిల్లలు మా సండేస్కూలులోనే నలుగురున్నారు.

స్త్రీల కూడికలో ఈ సంగతి అప్పటికే పొక్కింది. ఒక సహోదరి అది దురాత్మ అన్నదట. మరొకరు మూడు దినాలు ఉపవాస ప్రార్థన పెట్టించమన్నారట. ప్రార్థన ఎప్పుడూ మంచిదే, కాదనను. అయితే ఆ పిల్లవాణ్ణి మధ్యలో మోకరింపజేసి, చుట్టూ పదిమంది పెద్దలు గట్టిగా గద్దిస్తూ ఉంటే వాడి చిన్న గుండె ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. "రెండు రోజులు ఆగు వదినా, ముందు సంచయ్య ఎవరో కనుక్కుందాం" అన్నాను.

నేనలా అనడానికి ఒక కారణం ఉంది. నా చిన్నప్పుడు నాకూ ఒక ఏనుగు ఉండేది.

అది మడతపెట్టే ఏనుగు. పగలంతా నాతో తిరిగి, రాత్రికి చీర మడత వేసినట్టు నాలుగు మడతలు వేస్తే మా అమ్మ ట్రంకుపెట్టెలో పట్టేసేది. వర్షంలో తడిస్తే దండెం మీద ఆరవేసేదాన్ని. దానికి కలరాఉండల వాసన ఇష్టం. మా నాన్నగారు బడిపంతులు, చాలా గట్టి మనిషి. అబద్ధమాడితే బెత్తం విరిగేది. అటువంటి ఆయన ఒక్కనాడు కూడా ఆ ఏనుగు అబద్ధమనలేదు. రాత్రి భోజనాల దగ్గర, "ఏనుగు తిన్నదా?" అని అడిగేవారు. తినలేదంటే ఒక ముద్ద కలిపి నా కంచం పక్కన పెట్టేవారు. ఆ ముద్ద నేనే తినేదాన్నని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మూడో తరగతికి వచ్చిన ఏడు ఏనుగు ఎటో వెళ్లిపోయింది. దానికి మేము దుఃఖపడలేదు. ఎప్పుడు వెళ్లిందో కూడా గుర్తులేదు.

మరునాడు ఒక పాత నోటుపుస్తకం, నాలుగు రంగు పెన్సిళ్లు పట్టుకుని రేవుకు వెళ్లాను. పిల్లవాడి పక్క మెట్టు మీద కూర్చుని, వాణ్ణి ఏమీ అడగకుండా నేనే ఒక ఏనుగు బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాను. నాకు బొమ్మలు రావు. నేను గుర్రం వేస్తే మేకలా ఉంటుంది, మేకను వేస్తే బల్లలా ఉంటుంది. వాడు కాసేపు చూసి, "అది పందా టీచర్?" అన్నాడు. ఏనుగు అని చెప్పాను. వాడికి నా మీద జాలి కలిగినట్టుంది. పుస్తకం తీసుకుని, "ఇదుగో సంచయ్య" అని వేసి చూపించాడు.

పొడవాటి ముక్కు. ముక్కు కింద ఇంత సంచి. సంచిలో ఒక ఇల్లు, ఇంట్లో ఒక ఆడమనిషి, ఆమె చేతిలో ఒక పెట్టె.

సంచయ్య అంటే గూడబాతు! మనవాళ్లు గూడకొంగ అని కూడా అంటారే, ఆ పక్షి. వాడు చెప్పినదాని సారాంశం ఇది. గూడబాతులు చాలా దూరం నుంచి వస్తాయి. కువైట్ కూడా చాలా దూరం. కనుక సంచయ్య వచ్చేటప్పుడు వాళ్లమ్మ మాటలు సంచిలో వేసుకుని వస్తాడు. శుక్రవారం ఫోనులో అమ్మ కనబడుతుంది గాని, అప్పుడు అందరూ ఉంటారు, మాటలు రావు. సంచయ్య దగ్గరైతే వస్తాయి.

నేను టీచరునాయె, పాఠం చెప్పకుండా ఉండలేను కదా! "ఒరేయ్ బాబూ, గూడబాతుకు ఆ సంచి మూట కాదురా, వల. నీళ్లతో సహా చేపను అందులోకి తోడుకుని, ముక్కు వంచి నీళ్లు పారబోసి, చేపను మింగేస్తుంది" అన్నాను. వాడు ఆలోచించాడు. "నీళ్లయితే పారబోత్తాడండి. మాటలు పారబొయ్యడండి" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ప్రియ చదువరులారా, ఇటువంటి ఊహలను అబద్ధాలనాలా? మన తెలుగువారికి మాట్లాడే జంతువులు కొత్తవి కావు. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, లేడి చేసిన స్నేహాన్ని బడిలో చదివి పరీక్షలు రాసినవాళ్లమే. ఎవరమూ ఆయనకు గాలి సోకిందని అనలేదు. 1947 జూలైలో మొదలైన చందమామను పెద్దలు కూడా పిల్లలకంటే ముందు లాక్కుని చదివారు. పైగా చంద్రునిలో కుందేలున్నదని పిల్లలకు చూపించి అన్నం తినిపించింది ఎవరు? మనమే!

బైబిలు సంగతి చూడండి. రెండవ సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదు రాజు ఎదుట నిలిచి ఒక గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. అది ఒక బీదవాని ఇంట్లో అతని పిల్లలతోపాటు పెరిగింది. అతని ముద్దలోది తిన్నది, అతని గిన్నెలోది తాగింది, అతని కౌగిట పండుకున్నది. ఆ గొఱ్ఱెపిల్ల ఏ ఊరిలోనూ లేదు, ప్రవక్త ఊహలోనే ఉన్నది. అయినా సూటిగా చెబితే దావీదు చెవికి ఎక్కునో లేదో తెలియని మాటను ఆ లేని గొఱ్ఱెపిల్లే ఆయన గుండెకు చేర్చింది. మన బుల్లోడి సంచయ్యకూ, నాతాను గొఱ్ఱెపిల్లకూ చుట్టరికం ఉన్నదని నాకు తోచింది.

మార్టిన్ లూథరుగారి జీవితంలోనూ ఇటువంటి ఘట్టమే ఒకటి ఉంది. ఆయన పేరు చెప్పగానే మనకు తొంభైఅయిదు సిద్ధాంతాలు, రోమాతో పోరాటం గుర్తుకు వస్తాయి గాని, ఇది మన పత్రికలలో అంతగా రాదు. 1530లో ఆగ్స్‌బర్గులో చక్రవర్తి సభ జరుగుతున్నప్పుడు, శిక్షకు గురైన మనిషి కనుక లూథరు అక్కడికి వెళ్లే వీలు లేక, ఏప్రిల్ నుంచి అక్టోబరు తొలి రోజుల వరకు కోబర్గు కోటలో ఉండవలసి వచ్చింది. భార్యాబిడ్డలు దూరాన విట్టెన్‌బర్గులో ఉన్నారు. కోట కిటికీ ఎదుట చెట్లనిండా కాకి జాతి పక్షులు. వాటి గోల విని ఆయన మిత్రులకు వేళాకోళంగా ఉత్తరాలు రాశారు: మీరక్కడ రాజుల సభలో ఉన్నారు, నేనిక్కడ కాకుల సభలో ఉన్నాను, ఈ ప్రభువులందరూ నల్లని దుస్తులే ధరించారు, గోధుమల మీద దండయాత్రకు తీర్మానం చేస్తున్నారు అని. అంతటి కార్యభారంలో ఉన్న మనిషి పక్షులకు రాజ్యాలు, సేనలు కల్పించుకుని నవ్వుకున్నారు.

జూన్ 5న ఆయనకు తండ్రి మరణవార్త అందింది. కీర్తనల గ్రంథం తీసుకుని గదిలోకి వెళ్లి చాలాసేపు విలపించారని దగ్గర ఉన్న శిష్యుడు వైట్ డీట్రిఖ్ రాశాడు. రెండు వారాలకు, జూన్ 19న, అప్పుడే నాలుగేళ్లు నిండిన కొడుకు హాన్సుకు ఆయన ఒక ఉత్తరం రాశారు. అందులో దుఃఖం లేదు, సభ లేదు, సిద్ధాంతం లేదు. ఒక అందమైన తోట ఉంది. అందులో బంగారు చొక్కాల పిల్లలు చెట్ల కింద పండ్లు ఏరుకుంటున్నారు. బంగారు కళ్లేలు, వెండి జీనులు గల బుల్లి గుర్రాలున్నాయి. మా హాన్సు కూడా ఇక్కడికి రావచ్చునా అని తాను తోటవానిని అడిగినట్టు, బుద్ధిగా చదువుకుని ప్రార్థన చేసుకునేవాడైతే స్నేహితులను కూడా వెంటబెట్టుకుని రావచ్చునని అతను అన్నట్టు రాశారు. నాలుగేళ్ల వానికి తండ్రి ఎందుకు ఇంట లేడో చెప్పి ఒప్పించడం ఎలా? అంతకంటే బుల్లి గుర్రాలను పంపడం తేలిక.

ఆ దినాలలోనే ఆయన భార్య కేథరీన, పసిపాప మగ్దలేన బొమ్మ ఒకటి కోటకు పంపింది. మొదట చూసి ఆయన పాపను గుర్తుపట్టలేదట. బొమ్మ మరీ నల్లగా ఉన్నదన్నారట. చూడగా చూడగా పాప పోలికలు కనబడ్డాయి. భోజనం చేసేచోట ఎదురుగోడకు దానిని తగిలించుకున్నారు. ఫోటో లేని కాలం, ఫోను లేని కాలం. అటు నుంచి ఒక నల్లబారిన బొమ్మ, ఇటు నుంచి బంగారు కళ్లేల గుర్రాలు. ఆ కుటుంబం అలా కాలం వెళ్లదీసింది.

ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే ఆమె 1893 సెప్టెంబరు 4న, జబ్బుతో మంచం పట్టిన అయిదేళ్ల పిల్లవానికి ఉత్తరం రాస్తూ, చెప్పడానికి విశేషాలు లేక నాలుగు కుందేలు పిల్లల కథ బొమ్మలతో రాసి పంపింది. తర్వాత దాన్ని పుస్తకంగా వేయబోతే ప్రచురణకర్తలు తిప్పి పంపారు. 1901లో తానే 250 ప్రతులు అచ్చు వేయించుకుంది. పీటర్ కుందేలుగా లోకమంతా తిరిగింది ఆ కథే. ఆమె వంటి చిత్రకారులు మనకు లేరా అంటే, మన నరసాపురంలో 1933లో పుట్టిన బాపుగారు చిన్నతనంలో బొమ్మలు వేసింది రేడియో అన్నయ్య, అక్కయ్యల 'బాల' పత్రికకే. నేనేమో పంది లాంటి ఏనుగు దగ్గరే ఆగిపోయాను.

సరే, మన కథకు వస్తాను. అసలు చిక్కు ఇంకా చెప్పలేదు.

నాలుగో రోజున వదిన మళ్లీ వచ్చింది. ఈసారి భయం లేదు గాని కళ్లనిండా నీళ్లు. పిల్లవాడు తాతయ్యతో మాటలు మానేశాడు. ఆయన పిలిచినా పలకడం లేదు. కారణం నాకు వెంటనే తట్టింది. ఆ తాతయ్య చేపల చెరువు కాపలాదారు. గట్టు మీద పాకలో ఉండి, గూడబాతులు, నీటికాకులు చెరువు మీద వాలకుండా టపాకాయలు కాల్చి తోలడం ఆయన ఉద్యోగం. రోజూ వేకువన ఆయన సంచయ్య మీద టపాకాయ కాలుస్తున్నాడన్నమాట. అంటే వాడి లెక్కలో కూతురి మాటలు మనవడికి చేరకుండా తోలేస్తున్నాడన్నమాట.

తాతయ్యది తప్పా? పక్షులు వాలితే బొచ్చె, శీలావతి పిల్లలు మిగలవు. చెరువు ఆసామి ఊరుకోడు. ఆ జీతంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. మరి గూడబాతుది తప్పా? కొల్లేరు దాని పుట్టిల్లు.

మీలో చాలామందికి తెలియని ఒక సంగతి చెప్తాను. మన ఉండి మండలంలోని ఆరేడు గ్రామం పేరు పక్షుల శాస్త్రంలో ఉంది. 1940లలో కె. కె. నీలకంఠన్ అనే మలయాళీ పరిశీలకుడు ఆ ఊరి చెట్ల మీద గూడబాతులు గుంపులు గుంపులుగా గూళ్లు కట్టుకుని పిల్లలను పెంచడం చూసి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం రాశారు. ఆ గూళ్లు తర్వాతి కాలంలో లేకుండా పోయాయి. చెట్లు తగ్గాయి, కొల్లేటి అంచులు చెరువులయ్యాయి. 1999లో కొల్లేటిలో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఈనాడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖవారు నీళ్లలో ఇనుప మంచెలు నిలబెడితే వాటి మీద కూడా కాపురాలు పెట్టాయి. పిల్లపక్షి తల్లి సంచిలో తల మొత్తం దూర్చి మేత తీసుకోవడం అక్కడ పడవెక్కినవాళ్లు చూడవచ్చు.

కీర్తనలు 102వ అధ్యాయంలో, ఒంటరివాడైన భక్తుడు తనను పోల్చుకున్న పక్షి మన తెలుగు బైబిలులో గూడబాతే. పూర్వం ఐరోపాలో గూడబాతు తన రొమ్ము పొడుచుకుని రక్తంతో పిల్లలను బ్రదికిస్తుందని నమ్మి, దేవాలయాల గోడల మీద ఆ బొమ్మ చెక్కేవారు. అది వట్టి ఊహే. చెక్కినవారిలో చాలామంది గూడబాతును చూచి ఉండరు. ఆ బొమ్మలు గద్దలాగా, ముక్కు వంకరగా, సంచి లేకుండా ఉంటాయి. మా బుల్లోడు వేసినదే నయం.

పిల్లల ఊహాస్నేహితులను గురించి అమెరికాలో మార్జొరీ టేలర్ అనే ఆచార్యురాలు చాలా ఏళ్లు పరిశోధన చేసింది. ఆమె, తోటివారు 2004లో ప్రకటించిన దాని ప్రకారం, వారు చూసిన పిల్లలలో ఏడేళ్లు వచ్చేలోగా నూటికి అరవై అయిదుగురికి ఎప్పుడో ఒకప్పుడు అటువంటి నేస్తం ఉన్నది. బొమ్మకు ప్రాణం ఉన్నట్టు ఆడేవారిని కూడా ఆ లెక్కలో కలిపారు. నాకు ముచ్చట వేసినది మరొకటి. ప్రశ్నలడిగే పెద్దవాళ్లు మరీ శ్రద్ధగా రాసుకుంటూ ఉంటే, కొందరు పిల్లలు ఆగి, ఇదంతా ఉత్తుత్తిదేనండీ అని వారికి ధైర్యం చెప్పేవారట! పిల్లలకు తెలుసు. తెలియనిది మనకే. అయితే ఆ నేస్తం వల్ల పిల్లవాడు తిండి, నిద్ర మానేసినా, భయంతో వణుకుతున్నా, తనను గాని ఇతరులను గాని బాధపెట్టమని అది చెబుతున్నదన్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. మా వాడికి అవేమీ లేవు. ఆకలి మాత్రం మహా జాస్తి.

నేను తాతయ్య దగ్గరకు వెళ్లి ఉన్న సంగతి చెప్పాను. ఆయన మాట్లాడలేదు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "నా కూతురి మాటలాండీ?" అని మాత్రం అన్నాడు.

మరునాడు వేకువన మనవణ్ణి సైకిలు మీద ఎక్కించుకుని గట్టుకు తీసుకెళ్లాడట. టపాకాయ వత్తి ముట్టించేముందు చెరువు వైపు చెయ్యెత్తి, "ఓ సంచయ్యా! నువ్వొక్కడివి ఇటు గట్టు పక్కకి వచ్చెయ్యి. మిగతావోళ్లని తోల్తన్నాను" అని కేక వేశాడట. పేలుడుకు పక్షులన్నీ లేచాయి. సంచయ్య గట్టు పక్కకు వచ్చాడా లేదా అన్నది తాతకూ మనవడికీ మధ్య ఉంది. మొత్తానికి ఇద్దరూ మాట్లాడుకుంటూ ఇంటికొచ్చారు. అప్పటి నుంచి రోజూ ఆ కేక వెయ్యకుండా ఆయన టపాకాయ ముట్టించడం లేదు. పక్క చెరువు కాపలాదారు నవ్వుతున్నాడట. నవ్వనియ్యండి.

ఉపవాస ప్రార్థన మాట ఏమైందంటారా? అయ్యగారు ఆ ఇంటికి వచ్చి, పిల్లవాడి బొమ్మ చూసి, తల్లి క్షేమం కోసం చిన్న ప్రార్థన చేసి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ సంచయ్య ఏ చేపలు తింటాడని అడిగారు. జవాబుకు పావుగంట పట్టింది.

ఆ సంచి బొమ్మను మా అమ్మాయి ఫోటో తీసి కువైట్‌కు పంపించింది. రెండు రోజులు ఆమె నుంచి ఏమీ రాలేదు. మూడోనాడు ఒక బొమ్మ వచ్చింది. సబ్బుపొడి డబ్బా అట్ట వెనక బాల్‌పెన్నుతో గీసినది. ఒంటె. మూపురం మీద గడియ పెట్టిన చిన్న తలుపు. కింద తెలుగులో, ఈవిడ పేరు మూపురమ్మ, సంచయ్యకు అక్క అవుతుంది, లోపల నీకోసం ఏమున్నదో నువ్వే వేసి పంపించు అని రాసి ఉంది.

పిల్లవాడు దాన్ని చాలాసేపు చూశాడు. నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, పెన్సిలు కొరుకుతూ, "తాతా, ఒంటె ఉప్పుటేరు దాటగలదా?" అన్నాడు.

"ఆయ్, ఎందుకు దాటదూ? ఆకివీడు కాడ వంతెనుంది కదా" అన్నాడు తాతయ్య.